తెల్లవారకముందు పాట, ఆ వెంట ప్రమాణం



ఆదిమ విశ్వాసులు ఆరాధనకు కూడుకొన్నప్పుడు ఏమి చేసేవారు? దీనికి ఒక జవాబు సంఘం వెలుపలి నుండి, ఒక రోమా అధికారి ఉత్తరంలో దొరుకుతుంది. ఆయన క్రైస్తవుడు కాడు. క్రైస్తవులకు మరణశిక్ష వేసినవాడు.

ఆయన పేరు ప్లినీ. నల్ల సముద్రానికి దక్షిణ తీరాన, నేటి టర్కీ దేశంలో ఉన్న బితునియ, పొంతు ప్రాంతాలకు అధిపతి. సుమారు క్రీ.శ. 112లో ట్రాజన్ చక్రవర్తికి ఈ ఉత్తరం వ్రాశాడు. బితునియ, పొంతు అనే పేర్లు మనకు కొత్త కాదు. పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలోనే అవి కనబడతాయి. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన పిలిచినవారు కూడా తమ నడవడి అంతటిలో పరిశుద్ధులుగా ఉండాలని ఆ పత్రిక వారికి బోధించింది (1 పేతురు 1:15-16). ఆ బోధ ఆ నేలమీద ఎలా ఫలించిందో ప్లినీ తనకు తెలియకుండానే మనకు చూపించాడు.

క్రైస్తవులని తన యెదుటికి తెచ్చినవారిని ఆయన మూడుసార్లు ప్రశ్నించాడు. ఒప్పుకొని నిలిచినవారికి మరణశిక్ష వేశాడు. రోమా పౌరులైనవారిని రోమాకు పంపించాడు. కాదన్నవారిచేత చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేయించి, ద్రాక్షారసం అర్పింపజేసి, క్రీస్తును దూషింపజేశాడు. నిజమైన క్రైస్తవులచేత ఈ పనులు ఎవరూ బలవంతంగా చేయించలేరని తనకు చెప్పారని ఆయనే వ్రాశాడు.

ఒకప్పుడు విశ్వాసులై తరువాత విడిచిపెట్టినవారు తమ పాత కూడికను గూర్చి సాక్ష్యమిచ్చారు. ఒక నియమిత దినమున తెల్లవారకముందే కూడుకొనేవారట. క్రీస్తును దేవునిగా ఎంచి ఒకరి తరువాత ఒకరు అందుకొని కీర్తన పాడేవారట. ఆ తరువాత ప్రమాణం చేసేవారట. ఆ ప్రమాణం ఏ కుట్ర కోసమో కాదు. దొంగతనం చేయము, దోచుకొనము, వ్యభిచరించము, ఇచ్చిన మాట తప్పము, ఎవరైనా మా దగ్గర దాచిన సొమ్ము అడిగితే లేదనము. ఇదే ఆ ప్రమాణం. అటుతరువాత వెళ్లిపోయి, మరల కలిసికొని మామూలు భోజనమే చేసేవారు.

తప్పించుకోవడానికి వారు ఇలా చెప్పారేమో అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ప్లినీకీ వచ్చింది. సంఘంలో పరిచారకురాండ్రుగా ఉన్న ఇద్దరు దాసీలను పట్టి హింసించి విచారించాడు. ఆయనకు అది మూఢభక్తిగా తోచిందే గాని, వేరే నేరం ఏదీ దొరకలేదు. పేర్లు కూడా మిగలని ఆ ఇద్దరు స్త్రీలు తమ సంఘపు మంచి పేరును తమ శరీరాలతో కాపాడారు.

ఆ ప్రమాణంలోని చివరి మాటను గమనించండి. దాచమని ఇచ్చిన సొమ్ము! ఇచ్చినవాడికీ పుచ్చుకొన్నవాడికీ మధ్య చాలాసార్లు వేరే సాక్షి ఉండడు. లేదంటే అడిగేవారెవరు? అయితే లేవీయకాండము 6:2-5 దీనిని యెహోవాకు చేసిన ద్రోహమంటుంది. ఆ సొమ్మునూ దానికి అయిదవ వంతునూ కలిపి తిరిగి ఇయ్యాలంటుంది. సాక్షి లేనిచోట కూడా చూచేవాడు ఒకడున్నాడు. ఆయన పరిశుద్ధుడు.

పరిశుద్ధుని సన్నిధికి నిజంగా వచ్చినవాడు వచ్చినట్లే తిరిగి వెళ్లడు. యెషయా దేవాలయంలో సింహాసనాసీనుడైన ప్రభువును చూచినప్పుడు ముందుగా తన పెదవుల అపవిత్రతనే ఒప్పుకొన్నాడు. బలిపీఠపు నిప్పు ఆ పెదవులకే తగిలింది (యెషయా 6:5-7). మనలను కడిగేది కృపయే, మన ప్రమాణాలు కావు. కాని కడుగబడిన నోరు అబద్ధానికి తిరిగి వెళ్లకూడదు. బితునియ విశ్వాసులు పాట ముగిసిన నోటితోనే మాట తప్పమని ప్రమాణం చేశారు.

ప్రియులారా, మన ఆరాధనను మనం దేనితో కొలుస్తున్నాము? మైకు ఎంత దూరం వినబడిందనా? ఎంతమంది చేతులెత్తారనా? వలస పోతూ పొరుగింటి తల్లి మన దగ్గర దాచిన నగ ఉంది. చేబదులుగా తెచ్చిన డబ్బు ఉంది. చీటీ డబ్బు ఉంది. పొలం గట్టు ఉంది. ఆదివారం పాడిన పాట సోమవారం వీటి దగ్గర పరీక్షకు వస్తుంది. మన మీద గిట్టనివాడు విచారణ చేస్తే, అతనికి దొరికే సాక్ష్యం ఏమిటి?

ఈ వారం ఎవరిదైనా తిరిగి ఇయ్యవలసినది మన ఇంట ఉంటే, వచ్చే ఆదివారం మందిరానికి రాకముందే ఇచ్చివేద్దాము. అట్టి కృప పరిశుద్ధుడైన దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమెన్.