ఇటలీ ప్రళయానంతర చిత్రాలు

అణుయుద్ధంలో నాగరికత నాశనమయ్యాక మిగిలిన బీడుభూముల్లో నడిచే కథలతో 1980ల తొలినాళ్లలో ఇటలీ నిర్మాతలు తక్కువ ఖర్చుతో తీసిన సినిమాలివి. ఆస్ట్రేలియా చిత్రం 'మ్యాడ్ మ్యాక్స్ 2', అమెరికా చిత్రం 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్' 1981లో విడుదలై విజయం సాధించడంతో వీటి తయారీ ఊపందుకుంది. దర్శకులు ఎంజో కాస్టెల్లారీ తీసిన 'ది న్యూ బార్బేరియన్స్', సెర్జియో మార్టీనో తీసిన '2019: ఆఫ్టర్ ది ఫాల్ ఆఫ్ న్యూయార్క్' ఈ కోవలో పేరున్నవి. ఇటలీ బయట, ఫిలిప్పీన్స్‌లో దర్శకుడు సిరియో శాంటియాగో కూడా ఇదే తరహాలో 'స్ట్రైకర్' (1983) వంటివి తీశాడు.

ఈ కథలకు పెద్ద సెట్లు అక్కర్లేదు. ఒక క్వారీ, రేకులు తగిలించిన పాత కార్లు, తోలు దుస్తులు ఉంటే ప్రపంచం అంతమైపోయినట్టే. అభిమానులకు రుచించేది సరిగ్గా ఈ అతుకుల పనితనమే. కారు మీద బిగించిన ప్లాస్టిక్ బుడగ నవ్వు తెప్పిస్తుంది. దాన్నే ఆయుధంగా నమ్మించాలన్న పట్టుదల ముచ్చటగొలుపుతుంది. పైగా స్టంట్లు, పేలుళ్లు నిజంగా చేసినవే. వెక్కిరింత ఒక్కటే అయితే ఈ ఇష్టం ఇన్నేళ్లు నిలిచేది కాదు.

వీడియో క్యాసెట్లు వీటిని ఇళ్లకు చేర్చాయి. సినిమాలను ఆటపట్టించే అమెరికా టీవీ కార్యక్రమం 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000', మాట్లాడే మోటార్‌సైకిల్ ఉన్న 'వారియర్ ఆఫ్ ది లాస్ట్ వరల్డ్'ను 1993లో ప్రసారం చేసింది. 2015లో వచ్చిన 'టర్బో కిడ్' ఇదే బాణీకి నివాళి. అందులో పెట్రోలు కార్ల స్థానంలో సైకిళ్లు ఉంటాయి. ఇలాంటి ప్రళయానంతర లోకమే ఇతివృత్తంగా కాలిఫోర్నియా మొహావీ ఎడారిలో జరిగే 'వేస్ట్‌ల్యాండ్ వీకెండ్' ఉత్సవానికి అభిమానులు తుక్కుతో కుట్టుకున్న వేషాలతో, మార్చిన వాహనాలతో వస్తారు.