పరుషము

ఆంధ్రదేశమునుండి పెండ్లిండ్లకు వచ్చు బంధువులు మా మాట విని, "మీ తెలుగు పరుషముగా నున్నది" అనుట మేము చిన్ననాటినుండి యెఱుగుదుము. తరతరములుగా తమిళదేశమున స్థిరపడిన కుటుంబములకిది క్రొత్త నింద కాదు. గుమాస్తా పనినుండి విశ్రాంతి లభించిన పిదప, ఆ మాట చరిత్రమును విచారింపవలెనని మాకు తోచినది.

పరుషమను సంస్కృతపదమునకు గరుకైనది, కఠినమైనది అని యర్థము. చేతికి తెలియు గరుకుదనము చెవికిని సంక్రమించి, కర్ణకఠోరమైన ధ్వనికిని, మనసు నొప్పించు మాటకును పేరైనది. పదునొకండవ శతాబ్దివాడగు మమ్మటుడు కావ్యప్రకాశమున చెవికి కటువైన పదమును దోషములలో చేర్చెను. అయినను రౌద్రాదిరసములందు ఆ కఠినధ్వనియే గుణమగునని యంగీకరించెను.

మన వ్యాకరణమున క చ ట త పలు పరుషములు. గ జ డ ద బలు సరళములు. తమిళ వ్యాకర్తలు క చ ట త పలతో ఱకారమును చేర్చి, ఆ యాఱింటిని వల్లినమందురు. చెన్నపట్టణమున తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి, 1858లో వెలువడిన బాలవ్యాకరణమున, ద్వంద్వసమాసమందు పరుషములకు గ స డ ద వలు వచ్చునని తెలిపెను. తల్లియు తండ్రియు కలిసిన తల్లిదండ్రులు; అన్నయు తమ్ముడును కలిసిన అన్నదమ్ములు. ఒంటిగా గట్టిదైన యక్షరము చుట్టరికము కలిసినంతనే మెత్తబడుచున్నది.

ఈ విషయమున మనమును నిర్దోషులము కాము. తమిళమును అరవమని పిలుచుచు, ఆ పేరును "అ-రవము" అని విడదీసి, ధ్వని లేని భాషయని మనవారు వేళాకోళమాడిరి. అది అరువానాడను ప్రాచీన తమిళసీమ పేరునుండి వచ్చియుండునని భాషావేత్తలు తలంతురు. ఇరుగుపొరుగువారి పలుకు చెవికలవాటగు వఱకు అందఱికిని పరుషముగనే తోచును.

మా మనుమరాలు బడిలో తమిళమును, ఇంట తెలుగును మాటాడును. ఒక పెండ్లిలో చుట్టమొకరు దాని యాసకు నవ్వగా, ఆ పిల్ల ఆ దినమెల్ల తెలుగు మాట పలుకలేదు. ఆ మౌనము మమ్ము మిక్కిలి భయపెట్టినది. యాస కలసిన తెలుగు మన యిండ్లలో ఇన్ని తరములు నిలిచినది. సిగ్గుపడి మానిన తెలుగు ఒక తరమైనను నిలువదు. కావున బిడ్డలు ఎట్లు పలికినను ముందు ఆదరముతో వినుడు. తప్పున్నచో పిదప మెల్లగా దిద్దవచ్చును.