షిగెల్లా పేగు గోడని ఎలా దాటింది?

ఈరోజు 1897 జపాన్‌కి వెళ్దాం. ఆ ఏడాది అక్కడ రక్త విరేచనాలు ఊళ్లకి ఊళ్లని పట్టుకున్నాయి. 90 వేల మందికి పైగా జబ్బు పడితే, ప్రతి ఐదుగురిలో ఒకరు పోయారు. వాళ్ల భాషలో దీని పేరు 'సెకిరి', అంటే ఎర్ర విరేచనం.

టోక్యోలో కిటసాటో నడిపే పరిశోధన సంస్థలో కియోషి షిగా అనే కుర్ర డాక్టర్ ఉండేవాడు. చదువు అయిపోయి ఏడాదే. 36 మంది రోగుల్ని పరీక్షించి ఒక బ్యాక్టీరియాని పట్టాడు. రోగుల రక్తం నుంచి తీసిన సీరం కలిపితే అది ఉండలు కట్టేది. నాకైతే ఇది పక్కా డిటెక్టివ్ పని అనిపిస్తుంది! తర్వాత దానికి ఆయన పేరు మీదే 'షిగెల్లా' అని పెట్టారు.

దొంగ దొరికాడు సరే, ఇంట్లోకి ఎలా దూరాడు? ఇది తేలడానికి దశాబ్దాలు పట్టింది. పేగు గోడకి ముందువైపు నుంచి షిగెల్లా అంత తేలిగ్గా దూరలేదు. కానీ ఆ గోడలో 'ఎం కణాలు' ఉంటాయి. పేగులో ఏముందో శాంపిల్ తీసి కింద ఉన్న రక్షక కణాలకి అందించడం వాటి డ్యూటీ. షిగెల్లా ఆ శాంపిల్‌గానే లోపలికి వెళ్తుంది. మింగిన రక్షక కణాన్ని లోపల్నుంచే చంపి బయటపడి, పేగు కణాల్లోకి వెనకవైపు నుంచి దూరుతుంది. సూది లాంటి గొట్టంతో తన ప్రొటీన్లని ఎక్కిస్తే, ఆ కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆపైన ఆ కణంలోని ఆక్టిన్‌నే తోకలా కట్టుకుని పక్క కణంలోకి దూసుకుపోతుంది. గోడ పుండవుతుంది, రక్తం పడుతుంది.

ఇంతకీ ఇదంతా మొదలవ్వాలంటే కడుపులోకి ఎన్ని వెళ్లాలో తెలుసా? పది నుంచి వంద చాలు. చేయి సరిగ్గా కడుక్కోకపోతే అంటుకునేటన్ని.