మా ఊళ్లని క్యాంపులని ఎందుకంటారు

గంగావతి, సింధనూరు వైపు వస్తే ఊరి పేరు చివర 'క్యాంపు' అని కనపడుద్ది. చాలావరకు మన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లే. 1953లో తుంగభద్ర కాలువలకి నీళ్లొదిలాక ఈ రాకడ ఎక్కువైంది. అప్పటిదాకా ఇదంతా జొన్న, పత్తి పండే మెట్ట రేగడి.

మా తాత అక్కడ ఎకరంన్నర అమ్మి ఇక్కడ ఆరెకరాలు కొన్నాడు. కొన్నాడు గానీ మడి అనేది ఏదీ? నీళ్లు పెట్టి, తేలిన మెరక ఎక్కడుందో చూసి, ఆ మట్టి తట్టల్తో పల్లానికి మోశారంట. మా నాయనమ్మ ఐదో నెలతో ఉండి మోసింది. మొదటేడు వరి చేతికి రాలా. పక్క చేని కన్నడ రైతు జొన్నలు అప్పిచ్చాడు. వరి మనమే నేర్పామని గొప్పలు చెప్పుకుంటాం గానీ అన్నలూ, ఆ జొన్నలే లేకపోతే తాత వెనక్కి బండి కట్టేవాడే.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. క్యాంపులో ఎవరికీ నిద్ర లేదు. ఎనభై దాటిన మా నాన్న మాత్రం టీవీ కట్టేసి, "జొన్న విత్తనం ఎక్కడ దొరుకుద్దో కనుక్కోరా" అన్నాడు. వారంలో స్టాప్‌లాగ్ దించి నీళ్లాపారు, వరి దక్కింది. జొన్న మూట ఇంకా అటక మీదే ఉంది.