నాందేడ్‌లో ఘంటసాల ప్రైవేటు పాటలు: బడి నేర్పని తెలుగు



మొన్నటి మీటింగులో ఫిబ్రవరి 11 ఘంటసాల పాటల సాయంత్రం గురించి మాట్లాడుకుంటూ ఒక్క విషయం దగ్గర ఆగిపోయాం. పిల్లలకు పాటల కాగితాలు మరాఠీ అక్షరాల్లో అచ్చు వేయించాలా, వద్దా? "తెలుగు పాటను ఆ అక్షరాల్లో రాసుకొని పాడితే ఇంకేం మిగులుతుంది?" అని పెద్దలు కొందరు బాధపడ్డారు. ఆ బాధ మాకూ ఉంది. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే మన ఊరి చరిత్ర వేరే మాట చెబుతున్నట్టు అనిపించింది. అందుకే ఈ పెద్ద పోస్టు. తీరిక దొరికినప్పుడు చదవండి.

ముందు ఈ తరం వాళ్ళ కోసం ఒక మాట. ప్రైవేటు పాట అంటే సినిమాలో లేని పాట. దానికి హీరో లేడు, తెర లేదు, గోడ మీద పోస్టరు లేదు. గ్రామఫోన్ కంపెనీ ఒక పాట రికార్డు చేసి అమ్మేది. విన్నవాళ్ళు ఇంకొకళ్ళకు వినిపిస్తేనే అది బతికేది. ఇప్పటి పిల్లలు ఇండీ పాప్ అని చెవుల్లో పెట్టుకొని తిరుగుతారు కదా, సినిమా అండ లేకుండా నడిచే పాటలు, ఇంచుమించు అలాంటివే. మన పక్కింటి మరాఠీ వాళ్ళకు ఇది కొత్త కాదు, వాళ్ళకు భావగీతాలున్నాయి. గ.ది. మాడ్గూళ్కర్ రాసి, సుధీర్ ఫడ్కే స్వరపరచిన గీత రామాయణం 1955-56లో పుణె రేడియోలో వారం వారం వచ్చింది. 56 పాటలు, ఒక్కటీ సినిమాది కాదు. ఇప్పటికీ రామనవమికి వాళ్ళు కూర్చొని పాడుకుంటారు.

మనకు ఆ స్థానంలో ఉన్నది ఘంటసాల వెంకటేశ్వరరావు. పాతాళభైరవి, మాయాబజార్ సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోము. ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరం వెళ్ళి పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. అక్కడ జోలె కట్టుకొని ఇంటింటికీ మధుకరానికి వెళ్ళిన రోజులున్నాయి. 1942 ఉద్యమంలో జైలుకూ వెళ్ళారు. తర్వాత మద్రాసు చేరి సినిమాల్లో ఎంత పేరు తెచ్చుకున్నా ప్రైవేటు రికార్డులు మాత్రం వదల్లేదు.

వాటిలో పుష్పవిలాపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రాసింది కరుణశ్రీ, జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు. పూజకు పూలు కోద్దామని తెల్లవారి తోటలోకి పోయిన మనిషిని ఆ పూలే అడ్డుకొని, మా ప్రాణం తీస్తావా అని నిలదీస్తాయి. అంతే కథ. కానీ అవి ఛందస్సులో ఉన్న పద్యాలు. నాటకాల వాళ్ళలా రాగం సాగదీయకుండా, మాట మాట తెలిసేలా, ఎదురుగా కూర్చొని చెబుతున్నట్టు పాడారు ఘంటసాల. పద్యం చదువుకున్నవాళ్ళ సొత్తు కాకుండా పోయింది. కుంతీకుమారి, కొనకళ్ళ వెంకటరత్నం గారి రావోయి బంగారిమామా, బహుదూరపు బాటసారి, వేంకటేశ్వరుడి మీద భక్తి పాటలు కూడా అలాగే ఊరూరా తిరిగాయి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. నాందేడ్‌లో తెలుగు బడి అక్షరం మీద ఎప్పుడు నిలబడింది? నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైందీ ఉర్దూలోనే. 1948 సెప్టెంబరు 17న నిజాం పాలన పోయింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు మన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. ధర్మాబాద్ దాటితే బాసర, అటు తెలుగు బడి, ఇటు మరాఠీ బడి. దెగ్లూర్, బిలోలి, కిన్వట్ వైపు ఇంట్లో తెలుగు, బయట మరాఠీ అలాగే నడిచింది. మా తాతల సంతకం ఉర్దూలో, మా బాపు సంతకం మరాఠీలో. తెలుగులో సంతకం పెట్టినవాళ్ళు మా ఇంట్లో లేరు. మీ ఇళ్ళల్లోనూ చాలామందిది ఇదే కథ అని తెలుసు.

అయినా పుష్పవిలాపం మా బాపుకు నోటికి వచ్చు. మగ్గం మీద కూర్చొని పాడేవాడు. పుస్తకం చూడలేదు, చూసినా చదవలేడు. అందులో సగం మాటలకు అర్థం తెలియదని ఆయనే నవ్వుతూ ఒప్పుకునేవాడు. అది కృష్ణా, గుంటూరు వైపు పుస్తకాల తెలుగు, మనది మరాఠీ కలిసిన తెలంగాణ తెలుగు. అర్థం తెలియని చోట గొంతును పట్టుకున్నాడు. నిజామాబాద్ చుట్టాల ఇంటి పెళ్ళిలో పెట్టిన రికార్డు, రాత్రిపూట గరగరమంటూ దొరికే రేడియో, ఎనభైల్లో దుకాణంలో నింపించుకొచ్చిన క్యాసెట్టు, ఇవే ఆయన బడి. మా పెద్దనాన్న అయితే పాటలను మరాఠీ అక్షరాల్లోనే నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ మా దగ్గర ఉంది. మీటింగులో బాధపడ్డ పెద్దలకు ఒకసారి చూపించాలని ఉంది.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. 52 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆ తర్వాతే విడుదలైంది. సంస్కృత శ్లోకం, దాని వెనుక తెలుగు తాత్పర్యం. దాని రాత చిత్రమైనది. ఇంట్లో మనిషి పోతే పెట్టే పాటగా మారిపోయింది. మామూలు రోజున పెడితే "ఎవరు పోయారు?" అని వాకిట్లోకి వచ్చి అడుగుతారు. అంత గొప్ప పాట పాడె దగ్గరికే పరిమితం కావడం మాకు నచ్చదు. అయినా మన వాళ్ళు ఆఖరి గంటలో కూడా ఆ గొంతునే కోరుకున్నారు. 2003లో తపాలా బిళ్ళ వచ్చింది, ఊళ్ళల్లో విగ్రహాలు వచ్చాయి, మంచిదే. మన అభిమానం మాత్రం వాటికంటే ముందుది.

ఇక కాగితాల సంగతి. మరాఠీ అక్షరాలతో ఒక చిక్కు నిజంగానే ఉంది, దాన్ని దాచము. మరాఠీలో ళ ఉంది కాబట్టి దానికి బాధ లేదు. కానీ బడిలో నేర్పే అక్షరాల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. పిల్లలు "ఎవరు"ను "ఏవరు" అంటారు, "కొడుకు"ను "కోడుకు" అంటారు. పాటలో అది చెవికి గుచ్చుకుంటుంది, తాళం కూడా తప్పుతుంది. కాగితం చేతికిచ్చి ఊరుకుంటే కుదరదు, రికార్డు వినిపించాలి. మా పెద్దనాన్న నోటుబుక్కులో పొట్టి ఎ ఉన్న చోటల్లా అక్షరం కింద చిన్న చుక్క పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఆయనకే తోచింది.

ఈసారి కాగితానికి ఒకవైపు తెలుగు, ఒకవైపు చుక్కలతో మరాఠీ అచ్చు వేయిద్దామని మా ప్రతిపాదన. ఖర్చు పెద్దగా పెరగదు. సాధన వచ్చే ఆదివారం సాయంత్రం, పిల్లలను ఐదింటికే పంపండి. ఎవరి ఇంట్లోనైనా పాత క్యాసెట్లు, రికార్డులు, ఇలాంటి నోటుబుక్కులు ఉంటే తీసుకురండి. బూజు పట్టినా పరవాలేదు.