ఆరేళ్లకే ఆరిపోయిన ఆకాశపు బడి

తమిళనాడు ధర్మపురి జిల్లాలోని మా సోగత్తూరులో పొద్దు వాలాక వాకిట్లో నిలబడి తలెత్తండి. నడినెత్తి నుంచి కొంచెం దక్షిణానికి, రవ్వంత పడమరకు చూపు జరపండి. 36,000 కిలోమీటర్ల పైన, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, ఎడ్యుశాట్ ఉపగ్రహం ఒకప్పుడు కాపురం ఉన్నది అక్కడే.

2004 సెప్టెంబర్ 20 సాయంత్రం శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్ దాన్ని ఎత్తుకెళ్లింది. బరువు 1,950 కిలోలు. అచ్చంగా చదువు కోసమే మన దేశం పంపిన తొలి ఉపగ్రహం అది. దేశాన్ని ఐదు ప్రాంతాలుగా చేసి, ఒక్కోదానికి ఒక్కో బీమ్ అమర్చారు. దక్షిణాది బీమ్‌కు రాష్ట్రాల సరిహద్దులు లేవు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివే మా ధర్మపురి పిల్లల మీదా అది సమానంగానే వాలింది.

పక్కనే వాతావరణం కనిపెట్టే కల్పన-1 ఉండేది. చోటు తప్పితే కింద డిష్‌కు అందదు కాబట్టి, ఎడ్యుశాట్ హాసన్ నియంత్రణ కేంద్రం ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా చిటికెడు ఇంధనం మండించి సర్దుకునేది. ఏటా మార్చిలో, సెప్టెంబర్‌లో భూమి నీడ దాని మీద పడేది. కొన్ని రాత్రులు గంటకు పైగా సూర్యుడు కనబడడు. ఆ చీకటిని బ్యాటరీలతో గట్టెక్కేది.

కేరళ దాన్ని ఆదరించింది. 2005 జులై 28న అబ్దుల్ కలాం అక్కడ ఎడ్యుశాట్ మీద నడిచే విక్టర్స్ విద్యా ఛానల్‌ను ప్రారంభించారు. కానీ దేశమంతా అలా జరగలేదు. కేంద్రాలను కలపడంలో, పాఠాలు తయారుచేయడంలో, నిర్వహణలో లోపాలున్నాయని తర్వాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. పైన దీపం వెలుగుతూనే ఉంది, కింద పలకలు పట్టుకోవాల్సిన చేతులే ఆలస్యం చేశాయి. నా బాధంతా అదే.

ఎడ్యుశాట్ ఏడేళ్లు బతకాల్సింది. 2010 సెప్టెంబర్ 30న, ఆరేళ్లు నిండిన పది రోజులకే, దాని పని ముగిసింది. అది ఎగిరిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి ఏడో తరగతి. పదో తరగతి దాకా ఆ పిల్లకు తోడు రాలేకపోయింది.

భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలు ఎప్పటికో గాలి పొరల్లో మండి బూడిదవుతాయి. దీనికి ఆ దహనమూ లేదు. కొత్తవాటికి దారి వదిలి, ఇంకా ఎత్తున ఉన్న శ్మశాన కక్ష్యకు చేరింది. అక్కడ నడక భూమి తిరుగుడు కంటే నెమ్మది. అందుకే పడమరకు జారుతూ, లోకమంతా చుట్టి, మళ్లీ మళ్లీ మన నెత్తిమీదికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సోగత్తూరును దాటిపోతుంది. ఇప్పుడు మనం పిలిచినా పలకదు. పలికే రోజుల్లో మనం సరిగా పిలవలేదు.