వృత్తి కళాశాలల్లో విద్యార్థుల కొనసాగింపు

చేరిన విద్యార్థి మధ్యలో మానేయకుండా కోర్సు పూర్తిచేయడం, అందుకు కళాశాల చేసే కృషి. బోధకులతో, తోటివారితో ఏర్పడే అనుబంధం ఇందులో కీలకమని అమెరికా విద్యావేత్త విన్సెంట్ టింటో 1975లో సిద్ధాంతీకరించాడు.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తన రెండేళ్ల కళాశాలల్లో 2007లో ‘ఏసాప్’ పథకం ప్రారంభించింది. అందులో ఒక్కో సలహాదారుకు కొద్దిమంది విద్యార్థులనే అప్పగించి, వారిని తరచూ కలిసేలా చూశారు. ఫీజులో తక్కువపడిన మొత్తం భరించారు, పుస్తకాలు, మెట్రో కార్డులు ఇచ్చారు. పునాది తరగతులు అవసరమైన విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి, ఒక భాగాన్నే పథకంలో చేర్చి, ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పరిశీలించింది. మూడేళ్లలో డిగ్రీ సాధించినవారు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. మానేసినవారిని చదువురానివారిగా జమకట్టడం ఎంత అన్యాయమో ఈ తేడా చెబుతుంది.

ఈ కృషిలో, హాజరు తగ్గగానే విద్యార్థిని పలకరించడం అధ్యాపకుల పని. ఫీజు, ధ్రువపత్రాల చిక్కులు విప్పడం కార్యాలయ సిబ్బంది బాధ్యత.